ఒక రొమాంటిక్ పియానో పీస్ నేర్చుకోవాలి, ఏది మొదలుపెట్టమంటారు?

వాల్తేరు గాలి (అక్టోబరు, మొదటి వారం)

అందరికీ నమస్కారం. ఇక్కడ చాన్నాళ్లుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. మాది ఎంవీపీ కాలనీ, నాకు 34 ఏళ్లు. చిన్నప్పుడు ఆరేళ్లు కర్ణాటక గాత్రం నేర్చుకున్నాను, కొన్ని కృతుల దాకా వచ్చాక చదువు, ఉద్యోగం, పెళ్లి, అక్కడితో ఆగిపోయింది. రెండున్నరేళ్ల క్రితం 88 మెట్ల డిజిటల్ పియానో కొనుక్కుని వారానికి ఒక క్లాసు చొప్పున నేర్చుకుంటున్నాను. నోట్స్ చదవగలను కానీ నెమ్మదిగా. స్కేల్స్, పరీక్షకి కావలసిన చిన్న పీసులు వచ్చు. మనసుకి నచ్చింది ఒక్కటీ రాదు.

రొమాంటిక్ అంటే పందొమ్మిదో శతాబ్దపు ఆ కాలం సంగీతం అని నా ఉద్దేశం. షోపాన్ నాక్టర్న్ (రాత్రిని తలపించే నెమ్మది పీస్) ఉంది కదా, ఓపస్ 9 నం. 2 (ఓపస్ అంటే రచనల వరుస సంఖ్య), అదంటే నాకు ప్రాణం. మెట్ల మీదికి రంగు రంగు గీతలు పడే వీడియో చూసి నాలుగు నెలలు కూర్చున్నాను. మొదటి పేజీ చేతికి వచ్చింది అనుకున్నాను కానీ మధ్యలో ఎక్కడైనా ఆగితే మళ్లీ మొదటినుంచి ఎత్తుకోవాల్సిందే, ఎక్కడున్నానో నాకే తెలీదు. ఎడమచెయ్యి గెంతుతుంటే కుడిచేతి మీద ధ్యాస నిలవదు. గత నెల ఆపేశాను, ఆపినరోజు చాలా బాధేసింది.

నాకు కావలసింది ఒక్కటే. చిన్నదైనా పరవాలేదు, కానీ అసలు పీస్ కావాలి, తేలిక చేసిన రూపం వద్దు. రాత్రి పాప పడుకున్నాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రోజూ నలభై నిమిషాలు కూర్చోగలను. నా చెయ్యి చిన్నది, ఆక్టేవ్ (సా నుంచి పై సా దాకా) అందుతుంది, అంతకుమించి అందదు. సంక్రాంతికి నాన్న వస్తున్నారు. పాట ఎందుకు ఆపేశావమ్మా అని ఆయన ఇప్పటికీ అడుగుతూ ఉంటారు. ఆయన ముందు ఒక పీస్ మొదలు నుంచి చివరిదాకా వాయించాలని ఉంది.

నల్లమెట్టు

స్వాగతం అండి. ముందు ఆ నాక్టర్న్ గురించి చెప్తాను, ఎందుకంటే ఎక్కడ ఆగిపోయారో తెలిస్తే తర్వాత ఏది ఎంచుకోవాలో తెలుస్తుంది. అందులో ఎడమచెయ్యి ప్రతి దెబ్బకీ కింద ఒక బేస్ నోట్ కొట్టి పైన ఉన్న కార్డులకి (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) దూకాలి, మళ్లీ కిందికి రావాలి, పీస్ అంతా అదే పని. పైన రాగం తిరిగి వచ్చిన ప్రతిసారీ కొత్త నగలు వేసుకుని వస్తుంది, ఒక్కసారి నేర్చుకున్నది రెండోసారి అలాగే పనికిరాదు. అంటే ఎడమచెయ్యి మీరు చూడకుండా తనంతట తాను నడవాలి, అప్పుడే కుడిచెయ్యి పాడగలదు. రెండున్నరేళ్లకి అది రాకపోవడంలో మీ తప్పేం లేదు. ఆ వీడియోల్లో ఇంకో నష్టం ఏంటంటే ఏ మెట్టు నొక్కాలో చూపిస్తాయి గానీ వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూపించవు. మధ్యలో ఆగితే మళ్లీ అందుకోలేకపోయింది అందుకే.

నా సలహా షోపాన్‌నే, కానీ ఓపస్ 28 ప్రెల్యూడ్లు (విడివిడి చిన్న పీసులు). మొత్తం 24, 1839లో అచ్చయ్యాయి. వాటిలో కొన్ని పెద్ద పియానిస్టులకి కూడా కష్టం, కొన్ని మాత్రం మనలాంటి వాళ్ల చేతికి అందుతాయి. నం. 7, ఏ మేజర్, కేవలం 16 బార్లు (బార్ అంటే మన తాళంలో ఆవర్తనం లాంటిది). నం. 4, ఇ మైనర్, 25 బార్లు. నం. 7లో 12వ బార్ దగ్గర కుడిచేతికి ఒక పెద్ద కార్డ్ ఉంది, మీ చేతికి అందకపోతే నోట్లని కింది నుంచి పైకి విరిచి వాయించుకోవచ్చు, నష్టం లేదు. నన్నడిగితే నం. 4. మొదట మాత్రం ఎడమచేతిని ఒక్కదాన్నే వాయించి చూడండి.

రాస్‌హిల్ గంట

నం. 20 ఎవరూ చెప్పలేదేంటి? సి మైనర్, 13 బార్లు, లార్గో (బాగా నిదానంగా). నేను వన్‌టౌన్‌లో ఒక చర్చిలో ఇరవై ఏళ్లుగా ఆర్గన్ వాయిస్తున్నాను, నేను నేర్చుకున్న మొదటి షోపాన్ అదే. గెంతులు లేవు, పరుగులు లేవు, అన్నీ కార్డులే, ఆరాధన గీతాల్లాగే ఒక్కో దెబ్బకి ఒక్కో కార్డు. మొదటి నాలుగు బార్లు ఫోర్టిస్సిమో (చాలా గట్టిగా), తర్వాతి నాలుగు తక్కువ శబ్దంతో, అవే నాలుగు మళ్లీ ఇంకా తక్కువ శబ్దంతో. ఎవరో ఊరేగింపుగా మన వీధి దాటి దూరం వెళ్లిపోతున్నట్టు ఉంటుంది. రఖ్మానినోవ్ దీన్నే తీసుకుని ఓపస్ 22గా పెద్ద వేరియేషన్స్ రాశాడు, అంత సత్తా ఉంది ఆ 13 బార్లలో.

నం. 4 గురించి ఒక మాట చెప్పాలి. 1849 అక్టోబరు 30న పారిస్‌లో మాడ్లెన్ చర్చిలో షోపాన్ అంత్యక్రియలు జరిగినప్పుడు నం. 4, నం. 6 ప్రెల్యూడ్లని ఆర్గన్ మీద వాయించారు. ఆ సంగతి తెలిశాక నేను ఒక సంస్మరణ ఆరాధనలో నం. 4 వాయించాను. ఆర్గన్ మీద నోట్ సాగుతూనే ఉంటుంది, పియానో మీద కొట్టిన క్షణం నుంచీ తగ్గిపోతూ ఉంటుంది. ఆ తగ్గిపోవడం లేకపోతే ఈ పీస్‌లో సగం పోయినట్టే అని ఆ రోజు నాకు అర్థమైంది. అంచేత పియానో ఉన్నవాళ్లు పియానో మీదే నేర్చుకోండి.

నల్లమెట్టు

నం. 20 గొప్పదే సార్, కాదనను. కానీ ఈవిడ చేతికి ఆక్టేవ్ వరకే అందుతుంది అన్నారు. అందులో ఎడమచెయ్యి ఆక్టేవ్‌లు మోస్తుంటే కుడిచెయ్యి నిండు కార్డులు మోస్తుంది, అది కూడా ఫోర్టిస్సిమోతో. చిన్న చేతులవాళ్లు నెలరోజులు ఇది బలంగా వాయిస్తే మణికట్టు నొప్పి పెడుతుంది, అలా నొప్పితో వచ్చినవాళ్లని చూశాను. ఇప్పుడే వద్దు.

ఉక్కునగరం

నేనూ మీలాంటివాడినే అక్కా, పెద్దయ్యాక మొదలుపెట్టాను, షిఫ్ట్ డ్యూటీ. నాకు దారి చూపించింది షోపాన్ ఏ మైనర్ వాల్ట్జ్. ఆయన చనిపోయాకే అచ్చయింది, ఓపస్ నంబర్ లేదు. ఎడమచెయ్యి ఒకటి రెండు మూడు, ఒకటి రెండు మూడు అని నడుస్తుంది, దూకుడు ఉంది కానీ నాక్టర్న్ అంత దూరం కాదు. మధ్యలో ఒకచోట కుడిచెయ్యి ఇ మేజర్ ఆర్పెజియోతో (కార్డుని ఒక్కో నోట్‌గా విరిచి) పైదాకా ఎగబాకుతుంది, నాకు ఆ రెండు బార్లకే మూడు వారాలు పట్టింది, మిగతాదంతా నెలన్నరలో వచ్చేసింది. చివర్లో కాసేపు ఏ మేజర్‌కి మారుతుంది చూడండి, నైట్ షిఫ్ట్ దిగి బస్సులో వస్తుంటే తూర్పున తెల్లారినట్టు ఉంటుంది నాకు.

ఒక్క జాగ్రత్త. ఇప్పుడు ఏ మైనర్ వాల్ట్జ్ అని వెతికితే ఇంకోటి కూడా వస్తుంది. న్యూయార్క్ మోర్గాన్ లైబ్రరీలో చిన్న కాగితం మీద దొరికిందని 2024 అక్టోబరులో వార్త వచ్చింది కదా, అది. 24 బార్లే, కానీ మొదట్లోనే ట్రిపుల్ ఫోర్టే (వీలైనంత గట్టిగా) దాకా వెళ్తుంది. నేను చెప్పేది అది కాదు, పాతది.

పాత రికార్డుల పెట్టె

రొమాంటిక్ అనగానే అందరూ షోపాన్ దగ్గరే ఆగిపోతారు. నాకు 68 ఏళ్లు, సీతమ్మధారలో ఉంటాను, వాయించడం కంటే వినడం ఎక్కువ. నా మాట కాస్త ఓపికగా చదువు తల్లీ.

షూమన్ ఉన్నాడు. షోపాన్ పుట్టిన 1810లోనే పుట్టాడు. 1848లో తన పెద్ద కూతురు మారీ ఏడో పుట్టినరోజుకి ఇద్దామని కొన్ని చిన్న పీసులు రాయడం మొదలుపెట్టాడు, అవి పెరిగి 43 అయ్యాయి, అదే ఓపస్ 68, పిల్లల ఆల్బమ్. పిల్లల కోసం అన్న మాట చూసి పెద్దవాళ్లు పక్కన పెట్టేస్తారు, అది పెద్ద పొరపాటు. అందులో 16వ పీస్, ‘తొలి నష్టం’ అని అర్థం వచ్చే పేరు, ఇ మైనర్‌లోనే ఉంటుంది. ఏదో చిన్నదే పోయింది, కానీ పోగొట్టుకున్న పిల్లకి అది చిన్నది కాదు. రెండు చేతులూ ఒకరి మాట ఒకరు అందుకుంటాయి. గెంతులు లేవు, పెడల్ కూడా చాలా తక్కువ, ప్రతి వేలూ నిజం చెప్పాలి.

ఆయనదే ఇంకో పుస్తకం ఓపస్ 15, 1838. ఇది పిల్లలు వాయించడానికి రాసింది కాదు, బాల్యాన్ని తలుచుకుంటూ పెద్దవాడు రాసుకున్నది, 13 పీసులు. ఇందులో 7వది ట్రాయ్‌మరై, పేరుమోసినది, అందరూ దాని మీదే పడతారు. 24 బార్లే, నెమ్మదిగానే ఉంటుంది, కాబట్టి తేలికనుకుంటారు. తేలిక కాదు. లోపల నాలుగు గొంతులు నడుస్తాయి, ఆక్టేవ్ దాటి చాచాల్సిన చోట్లు ఉన్నాయి, నీ చేతికి కష్టం. దాని బదులు మొదటి పీస్ చూడు, దూరదేశాల గురించి, అక్కడి మనుషుల గురించి అని పేరు. పైన రాగం, కింద బేస్, మధ్యలో ట్రిప్లెట్లు (ఒక దెబ్బలో మూడేసి నోట్లు), ఆ ట్రిప్లెట్లని రెండు చేతులూ పంచుకుంటాయి. వినేవాడికి మూడు చేతులున్నట్టు అనిపించాలి, అందులోనే పని అంతా ఉంది.

గ్రీగ్ గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. నార్వేవాడు. లిరిక్ పీసెస్ అని పది పుస్తకాలు రాశాడు, మొత్తం 66 పీసులు, 1867 నుంచి 1901 దాకా. మొట్టమొదటిది అరియెట్టా, ఓపస్ 12 నం. 1, పేజీ దాటదు. 34 ఏళ్ల తర్వాత ఆఖరి పుస్తకంలో ఆఖరి పీస్ రాస్తూ అదే అరియెట్టా రాగాన్ని తీసుకుని వాల్ట్జ్‌గా మార్చి జ్ఞాపకాలు అని పేరు పెట్టాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి తన ఇరవైల్లో పాడుకున్న పాటని మళ్లీ పాడుకోవడం. ఆ రెండూ పక్కపక్కన వినమ్మా, బీచ్ రోడ్డులో సాయంత్రం నడుస్తూ విను, ఇంకా బాగుంటుంది.

మధురవాడ నాన్న

మా అమ్మాయి పదేళ్లది, చైకోవ్‌స్కీ ఓపస్ 39 నుంచి వాయిస్తోంది, 1878లో రాసిన 24 చిన్న పీసులు, షూమన్ పద్ధతిలో రాశానని ఆయనే చెప్పుకున్నాడు. పాత ఫ్రెంచి పాట అని ఒకటి ఉంది, రెండు మూడు వారాల్లో వస్తుంది. పెద్ద పీస్ పట్టేముందు ఇలాంటిదొకటి పూర్తిగా వాయించి చూడండి మేడమ్, ఒక పీస్ ముగించిన ధైర్యం వేరు.

అన్నట్టు సముద్రానికి దగ్గర్లో ఉన్నారు కాబట్టి పియానో కిటికీ పక్కన పెట్టకండి. ఉప్పుగాలికి మా పాత కీబోర్డు జాక్‌లు తుప్పు పట్టి హెడ్‌ఫోన్స్‌లో గరగర మొదలైంది. వాయించాక గుడ్డ కప్పండి.

శుద్ధ మధ్యమం

నేను కర్ణాటక వయొలిన్ వాయిస్తాను, పియానో నాలుగేళ్లుగా. మీరు గాత్రం నేర్చుకున్నానన్నారు కాబట్టి ఒకటి చెప్పాలి, ఇది మిగతావాళ్లు చెప్పలేరు.

మన చెవి రాగం వెంట పోతుంది. శ్రుతి కదలదు, దాని మీద రాగం కదులుతుంది, గమకం స్వరాన్ని ఊపుతుంది, ఆరేళ్లు నేర్చుకున్న చెవికి అదే ఇల్లు. పియానో దగ్గర కూర్చోగానే మొదటి దెబ్బ అక్కడ తగులుతుంది, ఎందుకంటే మెట్టు నొక్కాక ఆ స్వరాన్ని మీరు ఏమీ చెయ్యలేరు. ఊపలేరు, జార్చలేరు, పెంచలేరు. నేను మొదటి ఏడాది అంతా ఆ లోటే వింటూ కూర్చున్నాను. నం. 4 ప్రెల్యూడ్ దగ్గర నాకు తలుపు తెరుచుకుంది.

ఇ ని షడ్జమం అనుకోండి. కుడిచెయ్యి పంచమం మీద నిలబడుతుంది, పక్కనున్న శుద్ధ ధైవతాన్ని ఒకసారి తాకి మళ్లీ పంచమానికి వస్తుంది. పా ధా పా, పా ధా పా. దాదాపు నాలుగు బార్లు అంతే. ఐదో బార్‌లో మధ్యమానికి దిగుతుంది. రాగంగా చూస్తే అందులో ఏమీ లేదు, నటభైరవిలో మూడు స్వరాలు. కానీ కింద ఎడమచేతిలో మూడేసి స్వరాల కార్డులు మోగుతూ ఉంటాయి, వాటిలో ఒకసారి ఒక వేలు, ఇంకోసారి మరో వేలు అర స్వరం కిందికి జారుతుంది. పైన పంచమం అదే, కానీ కింద నేల మారేసరికి ఆ పంచమం ప్రతిసారీ ఇంకో మాట చెప్తుంది. మనం గమకంతో చేసే పని ఈయన కింది నేలని కదిపి చేశాడు. ఇది విన్నాక నాకు పియానో మీద ఉన్న ఫిర్యాదు పోయింది.

ఇది మనకి పరాయిదని అనుకోకండి. వయొలిన్ పరాయిదే, మనదైంది. దీక్షితార్ వారు ఇంగ్లీషు బ్యాండు బాణీలు విని శంకరాభరణంలో నొట్టుస్వరాలు కట్టారు. గాత్రం నుంచి వచ్చిన మీకు వేళ్లు నెమ్మది కావచ్చు, చెవి మాత్రం సిద్ధంగా ఉంది.

వాల్తేరు గాలి

ఇంతమంది ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. బాబాయ్ గారూ (పాత రికార్డుల పెట్టె గారిని అలా పిలవొచ్చా?), అరియెట్టా, జ్ఞాపకాలు రెండూ రాత్రి డాబా మీద విన్నాను, రెండోది మొదలవగానే ఆ రాగం గుర్తుపట్టి ఒళ్లు జలదరించింది. మూడు పీసులు ప్రింట్ తీసుకున్నాను. నం. 4 ప్రెల్యూడ్, అరియెట్టా, షూమన్ తొలి నష్టం. ఒక్కోదాని మొదటి ఎనిమిది బార్లు వారంపాటు వాయించి చూస్తాను. తమ్ముడూ, వాల్ట్జ్ కూడా విన్నాను, బాగుంది, కానీ ఎడమచేతి గెంతులంటే నాకు ఇప్పుడు టెన్షన్, కొన్నాళ్లు వాటికి దూరంగా ఉంటాను.

నాకో సందేహం. మా క్లాసులో షార్పులు (స్వరాన్ని అర స్వరం పైకి ఎత్తే గుర్తులు) ఎక్కువున్నవి కష్టం, తర్వాత చూద్దాం అంటారు. నిజమేనా?

నల్లమెట్టు

చదవడానికి కష్టం, చేతికి కాదు. షోపాన్ తన శిష్యులకి మొదట సి మేజర్ స్కేల్ చెప్పేవాడు కాదు, ఐదు షార్పులున్న బి మేజర్ చెప్పేవాడు. చెయ్యి చాచి మెట్ల మీద పెట్టి చూడండి, పొడుగు వేళ్లు నల్లమెట్ల మీద, బొటనవేలు, చిటికెనవేలు తెల్లమెట్ల మీద వాటంతట అవే కూర్చుంటాయి. అన్నీ తెల్లమెట్లే ఉన్న సి మేజర్ చేతికి అంత సుఖం కాదని ఆయన లెక్క.

ఉక్కునగరం

ఒక మాట అడగాలి, తేలిక చేసిన రూపం వద్దు అన్నారు కదా అక్కా, ఎందుకంత పట్టింపు? అచ్చయిన తేలిక పుస్తకాల్లో మంచివీ ఉంటాయి.

పాత రికార్డుల పెట్టె

ఎవరు తేలిక చేశారన్నదే అసలు సంగతి నాయనా. బ్రామ్స్ ఓపస్ 39 వాల్ట్జ్‌లు 16 ఉన్నాయి, మొదట ఇద్దరు కలిసి నాలుగు చేతులతో వాయించడానికి రాశాడు, తర్వాత ఒక్కరు వాయించేలా మార్చాడు, ఆ తర్వాత ఇంకా తేలిక రూపం కూడా ఆయనే రాశాడు. అందరికీ తెలిసిన 15వ వాల్ట్జ్ ఏ ఫ్లాట్ మేజర్‌లో ఉంటుంది, తేలిక రూపంలో దాన్ని ఏ మేజర్‌కి మార్చాడు. అలాంటిది నిస్సందేహంగా వాయించుకోవచ్చు, అది ఆయన చెయ్యే. మిగతావాళ్లు తేలిక చేసేటప్పుడు మొదట తీసేసేది లోపలి గొంతులనే, నం. 4 ప్రెల్యూడ్‌లో లోపలి గొంతులు తీసేస్తే ఇంక మిగిలేది పా ధా పా మాత్రమే. అమ్మాయి పట్టింపు సరైనదే.

బాబాయ్ అని పిలువు తల్లీ, సంతోషం.

వాల్తేరు గాలి (నవంబరు)

నం. 4 ఎంచుకున్నాను. తొలి నష్టం నాకు బాగా నచ్చింది, కానీ మూడింటిలో నన్ను మళ్లీ మళ్లీ బల్ల దగ్గరికి లాగింది ఇదే. రాత్రి పదిన్నరకి ఎడమచెయ్యి ఒక్కదాన్నే వాయిస్తూ కూర్చుంటే సమయం తెలీడం లేదు. అలాగే వాయిస్తూ 12 బార్ల దాకా వచ్చాను. పెడల్ వేస్తే మాత్రం అంతా కలగాపులగం అయిపోతోంది, తీసేస్తే పొడిగా టక్ టక్ మని వినిపిస్తోంది. ఏం చెయ్యాలి?

నల్లమెట్టు

పెడల్ ఎప్పుడు నొక్కుతున్నారు? కార్డుతోపాటే నొక్కుతుంటే అదే సమస్య. కార్డు మారే క్షణంలో కాలు పైకి రావాలి, కొత్త కార్డు మోగాక వెంటనే కిందికి పోవాలి. చెయ్యి దిగినప్పుడు కాలు లేస్తుంది, ఇది మొదట శరీరానికి ఎదురుగా అనిపిస్తుంది. పీస్ పక్కన పెట్టి రెండే రెండు కార్డులతో రోజూ ఐదు నిమిషాలు ఇదొక్కటే చెయ్యండి, బేగి వచ్చేస్తుంది.

రెండోది, ఎడమచేతి కార్డులు ఒక్కో బార్‌లో ఎనిమిది ఉన్నాయి కదా, ఎనిమిదీ ఎనిమిది దెబ్బల్లా వాయించకండి. మెట్టుని పూర్తిగా పైకి రానివ్వకుండా సగం దూరం నుంచే మళ్లీ నొక్కండి, వేళ్లు మెట్లని వదలకూడదు. కార్డు మారే చోట ఏ వేలు జారుతోందో దాన్ని మాత్రం అణువంత ఎక్కువగా వినిపించండి. మీ కాపీలో అలా జారే నోట్ ప్రతిదానికీ పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టుకోండి, 12 బార్లు అయ్యేసరికి ఎడమచేతిలో కూడా ఒక రాగం కనిపిస్తుంది.

శుద్ధ మధ్యమం

కుడిచేతి వరుసని ముందు గొంతుతో పాడండి. మీకు గొంతుంది కదా. ఎక్కడ ఊపిరి తీసుకోవాల్సి వస్తుందో అక్కడే వాయించేటప్పుడు కూడా ఊపిరి తీసుకోండి. నేను ఎడమచేతిని ఫోన్‌లో రికార్డ్ చేసుకుని దాని మీద పాడేవాడిని.

వాల్తేరు గాలి (డిసెంబరు)

పెడల్ సంగతి తెమిలింది. పాడటం మొదలుపెట్టాక ఇంకో సంగతి జరిగింది, పద్దెనిమిదేళ్ల తర్వాత నా గొంతు నేను విన్నాను, పాప లేచి వచ్చి పక్కన కూర్చుంది.

ఇప్పుడు ఇబ్బంది 16, 17, 18 బార్ల దగ్గర. అప్పటిదాకా మెల్లగా ఉన్నది స్ట్రెట్టో అని తొందర పెడుతుంది, గట్టిగా అవుతుంది, రెండు చేతులూ ఉన్నచోటు వదిలి జరగాలి. అక్కడికి వచ్చేసరికి భయమేసి ముందే బిగుసుకుపోతున్నాను. ఆ మూడు బార్లు విడిగా అయితే వస్తున్నాయి.

నల్లమెట్టు

విడిగా వస్తున్నాయంటే చేతులకి వచ్చినట్టే, వచ్చే దారే రాలేదు. 13 నుంచి మొదలుపెట్టకండి. 18 ఒక్కటే వాయించండి, తర్వాత 17, 18, తర్వాత 16 నుంచి, అలా వెనక్కి వెళ్లండి. అప్పుడు ముందుకి వెళ్లేకొద్దీ బాగా వచ్చిన చోటికే వెళ్తారు. మెట్రోనోమ్ వద్దు ఇక్కడ. తొందర అంటే గబగబా కాదు, ఆపుకోలేక వచ్చేసినట్టు ఉండాలి, 19కి వచ్చేసరికి ఆ బలం దానంతట అదే ఖాళీ అవ్వాలి.

రుబాటో (కాలాన్ని కాస్త సాగదీసి, కాస్త బిగించి వాయించడం) గురించి కూడా. షోపాన్ తన శిష్యులకి ఎడమచెయ్యి కండక్టర్‌లా ఉండాలని చెప్పేవాడట, కుడిచెయ్యి వెనకా ముందూ అయినా అది తడబడకూడదు. తాళం వేస్తూ పాడిన మీకు ఇది నేను చెప్పక్కర్లేదు.

రాస్‌హిల్ గంట

చివరి మూడు బార్లని తక్కువగా చూడకమ్మా. 23వ బార్‌లో ఎడమచెయ్యి కింద బి ఫ్లాట్‌తో ఒక వింత కార్డు వస్తుంది, ఆ తర్వాత నిశ్శబ్దం, దాని మీద ఫెర్మాటా (ఇంకాస్త ఆగమని చెప్పే) గుర్తు ఉంటుంది. చాలామంది ఆ నిశ్శబ్దాన్ని గబుక్కున దాటేస్తారు. పెడల్ పూర్తిగా తీసెయ్. గదిలో ఫ్యాన్ చప్పుడు వినిపించేదాకా ఆగు. అప్పుడు ఆఖరి మూడు కార్డులు, వీలైనంత మెల్లగా, కానీ ప్రతి నోట్ మోగేలా. మా చర్చిలో వాయించిన రోజు ఆ నిశ్శబ్దంలో ఎవరూ దగ్గలేదు.

వాల్తేరు గాలి (జనవరి, కనుమ వెళ్లిన మూడో రోజు)

నాన్న ముందు వాయించాను. భోగి రోజు కుదరలేదు, ఇంటినిండా చుట్టాలు. కనుమ మర్నాడు మధ్యాహ్నం అందరూ రుషికొండ వెళ్తే నాన్న మోకాళ్ల నొప్పులని ఇంట్లోనే ఉండిపోయారు. హెడ్‌ఫోన్స్ తీసేసి స్పీకర్ పెట్టాను. ఆయనకి ముందు ఏమీ చెప్పలేదు, పీస్ పేరు కూడా.

12వ బార్‌లో ఒక నోట్ తప్పు పడింది. ఆగలేదు. నాలుగు నెలలు నాక్టర్న్ వాయించినప్పుడు ఒక్కసారి కూడా అలా తప్పు దాటి ముందుకు పోలేకపోయాను. 16 దగ్గర భయం వేసింది కానీ చేతులు వెళ్లిపోయాయి. నిశ్శబ్దం దగ్గర సార్ చెప్పినట్టే ఫ్యాన్ వినిపించేదాకా ఆగాను, నాన్న కుర్చీ కిర్రుమంది, అయినా ఆగాను.

అయిపోయాక ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పైన పంచమం అలాగే ఉందిగా అమ్మా, మరి కింద ఏం మారుతోంది?" అన్నారు. ఎడమచెయ్యి ఒక్కదాన్నే వాయించి, ఏ వేలు ఎక్కడ జారుతుందో ఒక్కోటీ చూపించాను. మూడుసార్లు వాయించమన్నారు. మూడోసారి నేను ఎడమచెయ్యి వాయిస్తుంటే పైన పా ధా పా ఆయన పాడారు. 71 ఏళ్లు ఆయనకి.

ఇప్పుడు తర్వాతది అరియెట్టా అనుకుంటున్నాను. బాబాయ్ గారూ, మధ్యలో నడిచే నోట్లని రెండు చేతులూ పంచుకుంటాయి కదా, పైన రాగం వాటిలో మునిగిపోకుండా ఎలా చెయ్యాలి?

పాత రికార్డుల పెట్టె

నాన్నగారికి నా నమస్కారం చెప్పు. మళ్లీ వచ్చినప్పుడు జ్ఞాపకాలు కూడా వినిపించు ఆయనకి.

వాయించే సంగతులు నాకంటే నల్లమెట్టు గారికి బాగా తెలుసు, కానీ వినేవాడిగా ఒకటి చెప్తాను. ఆ మధ్య నోట్లు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతున్నాయని నాకు వినిపించకూడదు.

నల్లమెట్టు

అదే. ముందు మధ్య నోట్లని ఒక్క చేత్తో వాయించి ఆ వరుస ఎలా ఉండాలో చెవికి ఎక్కించండి. తర్వాత రెండు చేతులకి పంచండి, అచ్చం అలాగే వినిపించేదాకా. రాగం ఇంకా కలపకండి, ఒక వారం ఆగండి. కుడిచేతి చిటికెనవేలు వైపు బరువు ఎలా వెయ్యాలో వచ్చే వారం రాస్తాను, ఈలోగా మొదటి నాలుగు బార్ల రికార్డింగ్ ఇక్కడ పెట్టండి.